రెండు ఆపరేషన్ల మధ్య నెలలు

చి. సౌ. సుధకు,

పాప తల మీది పెద్ద పుట్టుమచ్చ తీయడానికి ముందు పక్కనే చర్మం కింద బెలూన్ పెడతామన్నారని, అంత చిన్నపిల్లకి రెండు ఆపరేషన్లా అని అడిగావు. అవును, రెండు: మొదటిదాంట్లో బెలూన్ పెడతారు, రెండోదాంట్లో బెలూన్‌నీ మచ్చనీ తీసి, పెరిగిన చర్మంతో ఆ చోటు కప్పుతారు. ఆ రెండూ సర్జన్ చూసుకుంటారు. మధ్యలో వచ్చే రెండు మూడు నెలలే నీవి. పిల్లల ప్లాస్టిక్ సర్జరీ వార్డులో ఇన్నేళ్లు నర్సుగా చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, పని చెడినా సాధారణంగా అక్కడే చెడుతుంది.

అంత పెద్ద మచ్చ కోసేశాక అంచులు కలిపి కుట్టడం కుదరదు. తొడ చర్మం తెచ్చి అతికిస్తే అక్కడ జుట్టు రాదు. అందుకని పక్కనున్న జుట్టున్న చర్మాన్నే, కింద బెలూన్‌ని కొంచెం కొంచెంగా ఉబ్బిస్తూ, పెంచుతారు. కడుపుతో ఉన్నప్పుడు నీ పొట్ట మీది చర్మం పెరిగినట్టే. ఊరికే సాగడం కాదు, కొత్త కణాలు పుడతాయి, రక్తప్రసారమూ పెరుగుతుంది. జుట్టు కుదుళ్లు మాత్రం కొత్తవి పుట్టవు, ఉన్నవే దూరం జరుగుతాయి. ఆ పలచదనం మామూలుగా కంటికి ఆనదు. ఇదేదో కొత్త ప్రయోగమని మీ ఆయన అన్నారట, కాదు. న్యూమన్ అనే సర్జన్ చెవిని సరిచేయడానికి బెలూన్ వాడిన సంగతి 1957లోనే రాశారు.

గాయం మానాక, అంటే ఒకటి రెండు వారాలకు, బెలూన్‌లోకి సెలైన్, అంటే ఉప్పునీరు, ఎక్కించడం మొదలుపెడతారు. తర్వాత ఇంచుమించు వారానికోసారి. బెలూన్‌కి పోర్ట్ అని చర్మం కింద వేలికి తగిలే చిన్న బిళ్ల ఉంటుంది, సన్న సూది అందులోకే గుచ్చుతారు. తిమ్మిరెక్కించే క్రీమ్ గంట ముందే రాయమని అడుగు. సూది కంటే దాని భయమే పిల్లల్ని ఎక్కువ ఏడిపిస్తుంది. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చెప్పు, కానీ కళ్లు మాత్రం చర్మం మీద పెట్టు. బిగుసుకుని తెల్లగా పాలిపోతున్నా, పాప నొప్పని గోలపెట్టినా ఆపేస్తారు, అవసరమైతే కొంచెం వెనక్కి లాగేస్తారు. వేలితో నొక్కి వదిలితే రంగు వెంటనే తిరిగి రావాలి. "ఇంకొంచెం ఎక్కించండి, తొందరగా అయిపోతుంది" అని నోరు జారకు. ఆ మాట అనని తల్లిదండ్రులు తక్కువ! తొందరపడితే చర్మం పలచబడి బెలూన్ బయటపడుతుంది.

ఇంట్లో రోజూ ఒకే వెలుతురులో ఫోటో తియ్యి. ఎరుపు, వేడి, చీము, జ్వరం, కుట్ల దగ్గర చెమ్మ, ఒకచోట చర్మం మెరుస్తూ పలచబడటం, వీటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగకు. ఇన్ఫెక్షన్ ముదిరితే బెలూన్ తీసేసి, కొన్ని నెలలాగి మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. ఉబ్బు ఉన్నట్టుండి తగ్గితే బెలూన్ కారిందన్నమాట. అప్పుడు మాత్రం టెన్షన్ పడకు, అది ఉప్పునీరే, ఒంట్లో ఇంకిపోతుంది. బెలూన్ మార్చాల్సి రావచ్చు, అంతే. ఆ వైపు తిరిగి పడుకోనివ్వకు. బిగుతు టోపీలు, బంతాటలు, ఎక్కి దూకడాలు ఈ నెలలకి వద్దు.

చివరి వారాల్లో తల చూడ్డానికి వింతగానే ఉంటుంది. జనం చూస్తారు, అడుగుతారు. "లోపల నీళ్ల బెలూన్ ఉంది, కొత్త చర్మం తయారుచేస్తోంది" అని పాప చేతే చెప్పించు. దాచిపెడితే అది సిగ్గుపడాల్సిన విషయం అనుకుంటుంది. బడిలో టీచర్‌తో ముందే మాట్లాడు. బెలూన్ తీశాక కింద ఎముక కొంచెం లోతుపడినట్టు కనిపించవచ్చు. పిల్లల్లో కొన్ని నెలల్లో అదే సర్దుకుంటుంది.

మొదటి ఆపరేషన్‌కి ముందే సర్జన్‌ని రెండు విషయాలు అడిగి రాసుకో: మచ్చంతా ఒక్కసారికే పోతుందా, ఇంకోసారి బెలూన్ పెట్టాలా? అర్ధరాత్రి ఏమైనా అయితే ఫోన్ ఎత్తేదెవరు? ఆ నంబర్ మీ ఆయన ఫోన్‌లో కూడా పెట్టించు.

మీ పెద్దమ్మ