రైతుకు ఏ రూల్స్ సడలిస్తే నిజంగా మేలు?

రైతుల మీద నిబంధనల భారం తగ్గించాలంటారు కదా, అసలు వేటిని తీసేయాలి, తీసేస్తే నష్టం ఉండదా అని అడిగారు. ముందు మా పొలం గట్టు మీద జరిగింది చెప్తాను.

ఏటా తొలకరికి ముందు గట్లు చెక్కేటప్పుడు, వాటంతటవే మొలిచిన చెట్ల మొక్కల్ని మా నాన్న పీకేసేవారు. నీడకి ఉంచొచ్చుగా అంటే, "ఇప్పుడైతే చేత్తో పీకొచ్చు. పెద్దదయ్యాక నా చెట్టు నేను కొట్టుకోవడానికి కాళ్లరిగేలా తిరగాలి" అనేవారు. అదంతా చాదస్తం అనుకునేవాణ్ణి.

సాగు నా చేతికొచ్చాక, నాన్న కళ్లబడకుండా ఎలాగో పెరిగిపోయిన ఒక నిద్రగన్నేరు గాలివానకి విరిగి మోటారు షెడ్డు మీదకి ఒరిగింది. కొట్టించడానికి అర్జీ పెట్టాను. భూమి కాగితాలకి ఒక ఆఫీసు. చెట్టు చుట్టుకొలత చూడ్డానికి ఇంకో ఆఫీసు. దుంగల్ని బండి మీద తీసుకెళ్లాలంటే మళ్లీ వేరే పర్మిట్. మూడు చోట్లా అదే సర్వే నంబరు, అవే జిరాక్సులు. కొలిచే ఆయన రావడానికే రెండు నెలలు పట్టింది. పాపం ఆయన్నీ అనలేం, ఒక్క మనిషికి అన్ని ఊళ్లు! పర్మిట్ చేతికొచ్చేసరికి దుంగ వానకి నాని చెదలు పట్టింది. పలకలు కోయిద్దామనుకున్నది పొయ్యిలోకి పోయింది. మరుసటి ఏడు గట్టు చెక్కేటప్పుడు నేను కూడా మొక్కలు పీకేశాను.

చెట్టును కాపాడటానికి పెట్టిన రూల్ మా గట్టు మీద మొక్కనే లేకుండా చేసింది.

ఆఫ్రికాలోని నైజర్‌లో దేశం మొత్తానికి ఇదే జరిగింది. అక్కడ పొలంలో చెట్టు కూడా ప్రభుత్వానిదే అన్నట్టుండేది, నరికితే జరిమానా. దాంతో రైతులు మొలకను బతకనిచ్చేవాళ్లు కాదు. 1980లలో మరాది ప్రాంతంలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు, పాత మొద్దుల నుంచి వచ్చే చిగుళ్లను రైతులతో పెంచించడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనే అధికారులు కూడా పాత రూల్‌ని పట్టుకు వేలాడటం తగ్గించారు. కొమ్మ కోసుకున్నా, కట్టెలు అమ్ముకున్నా ఎవరూ అడగరన్న నమ్మకం కుదిరింది. తర్వాత సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి. నర్సరీ మొక్కలు పంచిపెట్టి నాటించినవి కావు, రైతులు పీకకుండా వదిలేసినవి.

కాబట్టి నా లెక్కలో మొదట సడలించాల్సింది ఇలాంటి ముందస్తు అనుమతుల్నే. సొంత పొలంలో చెట్టు కొడుతున్నానని తెలియజేస్తే చాలనాలి. చూడాలనుకుంటే పదిహేను రోజుల్లో వచ్చి చూడాలి, రాకపోతే అనుమతి ఇచ్చినట్టే. అడవి కలపని పొలం కలపగా చూపించి దాటించే వాళ్లుంటారు, నిజమే. చెట్టు పెరిగేటప్పుడే పొలం రికార్డులో ఎక్కిస్తే ఆ దొంగతనం చాలావరకు పట్టుబడుతుంది.

అన్ని రూల్సూ ఎత్తేయమని మాత్రం నేననను. నేను కొట్టిన మందు పక్కవాడి బావిలోకి దిగుతుంది, కొట్టే కూలీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది నా గట్టు దగ్గర ఆగే వ్యవహారం కాదు. 2024లో యూరప్ రైతులు ట్రాక్టర్లతో రోడ్లెక్కాక అక్కడ రెండు జరిగాయి. సబ్సిడీకి ముడిపెట్టిన పర్యావరణ షరతుల విషయంలో 10 హెక్టార్లలోపు రైతులకి తనిఖీలు, జరిమానాలు ఎత్తేశారు. పురుగుమందుల వాడకాన్ని 2030 నాటికి సగానికి తగ్గించాలన్న ప్రతిపాదనను కూడా వెనక్కి తీసుకున్నారు. మొదటిది చిన్న రైతుకి ఊరట. రెండోదాన్ని రైతుకి మేలు అంటే నేనొప్పుకోను. ఆ మందు ముందు పీల్చేది రైతే.

ఇంకొకటి, "అంతా ఆన్‌లైన్ చేశాం, ఇక భారం లేదు" అంటే అప్పుడే నమ్మకండి. మా దగ్గర చెట్టు అర్జీ కూడా తర్వాత ఆన్‌లైన్ అయింది. ఇప్పుడు నెట్ సెంటర్‌లో అప్‌లోడ్ చేయించి, దాన్నే ప్రింట్ తీసి, పాత జిరాక్సులతో కలిపి మళ్లీ ఆ మూడు ఆఫీసుల్లోనే ఇస్తున్నాం.