కుక్కా పిల్లీ ఉన్న ఇంట్లో సెన్సార్ లైట్లు

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

సెన్సార్ లైట్లు కొనేముందు ఒకటి తేల్చుకో. ఏ లైటు కుక్కకీ పిల్లికీ వెలగాలి, ఏది వెలగకూడదు? అన్నిటికీ ఒకే రకం బిగిస్తే రాత్రంతా హాలు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది.

ఇళ్లలో ఎక్కువగా ఉండేది పీఐఆర్ సెన్సార్, అంటే ఒంటి వేడి కదలికను పట్టేది. దానికి మనిషెవరో పిల్లేదో తెలియదు. ముందున్న తెల్లటి లెన్సు గదిని చీలికలుగా చూస్తుంది, ఒంటి వేడి ఒక చీలికలోంచి పక్కదాంట్లోకి జరిగితే లైటు వేస్తుంది. సెన్సిటివిటీ తగ్గిస్తే చాలనుకుంటారు చాలామంది. చాలదు. దగ్గర్లో పోయే పిల్లి, దూరాన నడిచే మనిషి దాని లెక్కలో ఇంచుమించు ఒకటే. తగ్గించుకుంటూ పోతే ముందు నువ్వే దానికి కనబడకుండా పోతావు.

డబ్బా మీద 'పెట్ ఇమ్యూన్, 25 కిలోలు' (అంత బరువుదాకా పెంపుడు జంతువులకి వెలగదని) ఉన్నా నమ్మి కూర్చోకు. అది బరువు తూచదు. చెప్పిన ఎత్తులోనే బిగించి, జంతువు నేల మీదే ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. పిల్లి సోఫా ఎక్కిందంటే లైటు వెలిగినట్టే!

అసలు మందు ఎత్తులో ఉంది. సీలింగ్ సెన్సార్ నేరుగా నేలనే చూస్తుంది కాబట్టి హాల్లో వద్దు. గోడకి స్విచ్‌బోర్డు ఎత్తులో, సుమారు 1.2 మీటర్ల దగ్గర పెట్టించి, లెన్సు కింది సగం మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటించు. అప్పుడది మన నడుం పైభాగాన్నే చూస్తుంది, కుక్క కిందనుంచి పోతుంది. టేపు బదులు పాలిథీన్ కవరు ముక్క అంటించకు, వేడి కిరణాలు అందులోంచి దూరిపోతాయి. ఎదురుగా బీరువా, కిటికీ గట్టు లాంటి పిల్లి ఎక్కే చోట్లు లేకుండా చూసుకో. కరెంటు పని మాత్రం మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్ చేతే చేయించు.

పరీక్షకి రాత్రిదాకా ఆగక్కర్లేదు. సెన్సార్ మీద ఎంత వెలుతురులో పనిచేయాలో చెప్పే 'లక్స్' మీటను సూర్యుడి బొమ్మ వైపు, ఎంతసేపు వెలగాలో చెప్పే 'టైమ్' మీటను కనిష్ఠానికి తిప్పి, కరెంటు ఇచ్చాక ఒక నిమిషం ఆగు. ఆ కాసేపూ అది తనంతట తనే వెలుగుతుంది. తర్వాత తిండి చూపించి కుక్కని సెన్సార్ ముందు అడ్డంగా నడిపించు. ఎదురుగా వచ్చేదాన్ని పీఐఆర్ సరిగా పట్టదు గనుక అలా చూస్తే మోసపోతావు. లైటు వెలిగితే టేపు 2 మిల్లీమీటర్లు పైకి జరిపి మళ్లీ చూడు. కుదిరాక టైమ్ నడవాలో 1-2 నిమిషాలు, బాత్రూంలో 5 నిమిషాలు పెట్టు.

పడకగదికి నా మాట విని మనం స్విచ్ వేస్తే వెలిగి, ఎవరూ కదలనప్పుడు దానంతటదే ఆరే రకం కొను. 'వేకెన్సీ' అని రాసి ఉంటుంది. పిల్లి ఎంత తిరిగినా అది వెలిగించలేదు. కాకపోతే వెలిగాక పిల్లి కదులుతూ ఉంటే ఆరడం ఆలస్యమవుతుంది. వేడితో కాక రేడియో తరంగాలతో కదలికను పట్టే మైక్రోవేవ్ రకం జోలికి పోకు, పల్చటి చెక్క తలుపు అవతల కుక్క లేచినా వెలుగుతుంది.

మెట్ల దగ్గర మాత్రం తిరగేసి ఆలోచించు. చూపు తగ్గిన ముసలి కుక్కకి మెట్టు కనబడాలి. అక్కడ సెన్సార్‌ని చీలమండ ఎత్తులో, పసుపు రంగు మసక లైటుతో పెట్టు. నడిచే దారంతా అది చూస్తుంది కాబట్టి బ్యాటరీ లైటైతే సెల్లులు త్వరగా అయిపోతాయి, యూఎస్‌బీతో ఛార్జ్ అయ్యేది మేలు. బిళ్ల సెల్లు లైట్లు నేల దగ్గర అసలు వద్దు. కుక్క కొరికి మింగితే ఆ సెల్లు కొద్ది గంటల్లోనే గొంతు లోపల కాల్చేస్తుంది. అలాంటిది జరిగితే ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

పంజరంలో పక్షుల్ని కూడా పెంచే ఆలోచన ఉంటే ఆ గదికి సెన్సారే వద్దు. వాటికి రోజూ 10-12 గంటల చీకటి కావాలి.

ఇట్లు,
మీ పెదనాన్న