‘పునరుద్ధరించు’ అంటే బాగుచేయడమేనా?

కాదు. పునః + ఉద్ధరించు: ఆగిపోయినదాన్నో, పాడైపోయినదాన్నో తిరిగి పూర్వస్థితికి తేవడం. కొండచరియలు పడి తిరుమల ఘాట్‌రోడ్డు మూసేశారనుకోండి. బండలు తొలగించాక ‘రాకపోకలు పునరుద్ధరించారు’ అంటాం, ‘బాగుచేశారు’ అనం. దెబ్బతిన్న పిట్టగోడకు మాత్రం మరమ్మతు చేస్తారు. ఇంట్లో మిక్సీని పునరుద్ధరించామంటే మెకానిక్కే నవ్వుతాడు!

ఎక్కువమంది పొరబడేది పునర్నిర్మాణం దగ్గర. శ్రీకాళహస్తిలో 1516 నాటి రాజగోపురం 2010లో కూలిపోయింది. అక్కడ కొత్తది కట్టారు కాబట్టి అది పునర్నిర్మాణం. పాత గోపురం నిలిచి ఉండగానే బీటలు పూడ్చి, కదిలిన రాళ్లు సర్ది, మొలిచిన రావిమొక్కల్ని వేళ్లతో సహా తీసేస్తే పునరుద్ధరణ. గుడి విషయంలో దీన్నే జీర్ణోద్ధరణ అనడం ఆనవాయితీ.

ఇది సకర్మక క్రియ, అంటే ‘దేన్ని?’ అన్న ప్రశ్నకు వాక్యంలో జవాబుండాలి. ‘కరెంటు పునరుద్ధరించింది’ తప్పు. ‘కరెంటు సరఫరాను పునరుద్ధరించారు’ అనాలి. మాటల్లోనైతే ‘కరెంటొచ్చింది’ చాలు. ‘మళ్లీ పునరుద్ధరించారు’లో ‘మళ్లీ’ దండగ, రెండోసారి ఆగిపోయి ఉంటే తప్ప. రాసేటప్పుడు ‘ద్ధ’కు ఒత్తు మరవద్దు, ‘పునరుద్దరణ’ అని బోర్డుల మీద కూడా కనిపిస్తుంటుంది. ఒట్టి ‘ఉద్ధరించు’తో జాగ్రత్త: ‘నువ్వు ఉద్ధరించింది చాల్లే’ అంటే ఎత్తిపొడుపే.