డాక్టర్ సలహా: రాత్రి ఒంటిగంట దాకా గేమ్ ప్రాక్టీసు, పొద్దున ఆరున్నరకు డైనింగ్ హాల్ షిఫ్ట్... వేళ్ల తిమ్మిరికి మందు ఉందా?

ప్రశ్న: నా వయసు 23. మాది ఖమ్మం. టెక్సస్‌లో ఎంఎస్ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. క్యాంపస్‌లోనే డైనింగ్ హాల్‌లో వారానికి 20 గంటలు పని చేస్తాను, ఐదు రోజులూ పొద్దున 6:30కి షిఫ్ట్. ఇంటర్ నుంచి గేమింగ్ అంటే పిచ్చి. ఇక్కడ మా యూనివర్సిటీ వాలరెంట్ (ఐదుగురేసి టీమ్‌లుగా ఆడే షూటింగ్ గేమ్) టీమ్‌లో చోటు దొరికింది. వారానికి ఐదు రాత్రులు 10 నుంచి 1 దాకా స్క్రిమ్స్ ఉంటాయి, అంటే వేరే టీమ్‌లతో ప్రాక్టీసు మ్యాచ్‌లు. అవి అయ్యాక నిద్ర పట్టక ఇంకో రెండు గంటలు ర్యాంక్‌డ్ ఆడతాను, అంటే ఆన్‌లైన్‌లో ర్యాంకు కోసం ఆడే మ్యాచ్‌లు. గదిలో టేబుల్ లేదు. పరుపు మీద కూర్చుని, ఇండియా నుంచి తెచ్చుకున్న పెద్ద సూట్‌కేసును పడుకోబెట్టి దాని మీద మౌస్ ప్యాడ్ వేసుకుంటాను. రెండు నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. పడుకున్నాక మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకోవాల్సి వస్తోంది. రోజుకు రెండు మూడు ఎనర్జీ డ్రింకులు తాగుతాను. ఈమధ్య అప్పుడప్పుడు గుండె దడ. అమ్మ సర్ది పంపిన నొప్పి మాత్రలు వేసుకుంటున్నా తగ్గడం లేదు. నాలుగు వారాల్లో టోర్నమెంట్ ఉంది. ఇంట్లో చెబితే ముందు ఆట మానేయమంటారు. మానకుండా తగ్గే దారి ఉందా?
- ఒక పాఠకుడు

జవాబు: ఉంది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ చెయ్యి పాడవడానికి ఆట ఒక్కటే కారణమని నాకు అనిపించలేదు.

ముందు చేతి సంగతి. ఏయే వేళ్లో విడిగా రాసి మంచిపని చేశారు, డాక్టర్‌కి సగం పని తగ్గింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం... వీటికి స్పర్శ తెలిసేది మీడియన్ అనే నరం వల్ల. మణికట్టు దగ్గర ఎముకలకీ, పైన అడ్డంగా ఉండే గట్టి పట్టీకీ మధ్య ఒక సన్నని సందు ఉంటుంది. దాని పేరు కార్పల్ టన్నెల్. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లూ (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు), ఈ నరమూ అందులోంచే వెళ్లాలి. సంక్రాంతి ముందు రోజు ఆర్టీసీ బస్సులా ఉంటుంది లోపల. టెండన్లు కాస్త వాచినా, మణికట్టు ఎక్కువసేపు వంగి ఉన్నా నలిగేది నరమే. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు మడుచుకుంటాం కాబట్టి రాత్రిళ్లు బాధ ఎక్కువ. లేచి చెయ్యి విదిలిస్తే హాయిగా ఉండటం ఈ జబ్బుకు, అంటే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌కు, బాగా తెలిసిన గుర్తు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడండి. రెండు చేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేలవైపు చూసేలా మణికట్లు వంచి ఒక నిమిషం ఉంచండి. అవే మూడు వేళ్లు జివ్వుమంటే అనుమానం బలపడినట్టే. తిమ్మిరి చిటికెనవేలికి వస్తే మాత్రం కథ వేరు. అది మోచేతి దగ్గర నొక్కుకునే ఇంకో నరం.

మీ మణికట్టు రోజుకు ఎన్ని ఉద్యోగాలు చేస్తోందో చూడండి. అసైన్‌మెంట్లకు టైపింగ్, ఆటకు మౌస్, వీటికి తోడు డైనింగ్ హాల్. అక్కడ మీకు ఏ పని అప్పగిస్తారో మీరు రాయలేదు. సెలవులకు ఇంటికొచ్చి నాకు చూపించుకునే పిల్లలు చెప్పేదాన్ని బట్టి చూస్తే, అంట్లు తోమే దగ్గరా, ఐస్‌క్రీమ్ కౌంటర్ దగ్గరా నిలబడ్డ చెయ్యి మౌస్ పట్టిన చేతికంటే ఎక్కువ కష్టపడుతుంది. గడ్డకట్టిన ఐస్‌క్రీమ్‌ని స్కూప్‌తో తీయాలంటే పిడికిలి గట్టిగా బిగించి, మణికట్టు వంచి, బలంగా లాగాలి. మాడిన పెద్ద పెద్ద ట్రేలు గీకడమూ అంతే. నరానికి అంతకంటే చెడ్డ భంగిమ లేదు. కొన్ని వారాలు క్యాషియర్ దగ్గరో, టేబుళ్లు సర్దే దగ్గరో వేయమని సూపర్‌వైజర్‌ని అడగండి. చేతికి ఇబ్బందిగా ఉందని చెప్పుకోవడం తప్పు కాదు. యూనివర్సిటీ క్లినిక్ నుంచి చీటీ తీసుకెళ్తే మాట ఇంకా తేలిగ్గా నెగ్గుతుంది.

ఇక సూట్‌కేసు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. సూట్‌కేసు అంచు సరిగ్గా మణికట్టు మడత మీద నొక్కుతుంది. కింద కూర్చుంటే మోకాళ్లు అడ్డమొచ్చి వీపు వంగుతుంది, భుజం పైకి లేస్తుంది, చెయ్యి వంకరగా వస్తుంది. సెమిస్టర్ చివర్లో సీనియర్లు ఖాళీ చేసి వెళ్లేటప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో టేబుల్, కుర్చీ కారుచౌకగా దొరుకుతాయి, ఊరికే ఇచ్చేవాళ్లూ ఉంటారు. అప్పటిదాకా లైబ్రరీలోనో, మీ టీమ్‌కు గేమింగ్ గది ఉంటే అక్కడో ఆడండి. మోచేయి టేబుల్ ఎత్తులో ఉండాలి, ముంజేయి సగం టేబుల్ మీద ఆనాలి, మణికట్టు ముంజేతితో ఒకే గీతలో ఉండాలి. మౌస్ సెన్సిటివిటీ (మౌస్ కాస్త కదిపితే తెరమీద గురి ఎంత కదలాలో చెప్పే సెట్టింగ్) ఎక్కువ పెట్టుకుని మణికట్టుతోనే గురి చూసేవారైతే, దాన్ని కొద్దికొద్దిగా తగ్గించి ముంజేతితో కదిలించడం అలవాటు చేసుకోవచ్చు. అది టోర్నమెంట్ అయ్యాక మొదలుపెట్టండి. ఇప్పుడు మారిస్తే గురి తప్పి టెన్షన్ పడి మౌస్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటారు.

చేయాల్సిన వైద్యం చిన్నదే. మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్ మందుల షాపుల్లో దొరుకుతుంది. లోపల బద్ద ఉన్నది తీసుకోండి, ఉత్త సాగే బ్యాండ్ వద్దు. రాత్రి పడుకునేటప్పుడు కట్టుకోండి, నాలుగు నుంచి ఆరు వారాలు ఒక్క రాత్రి కూడా మానకుండా. మొదట్లో ఉన్న కేసుల్లో చాలామందికి దీంతోనే తెరిపినిస్తుంది. ఆడేటప్పుడు కట్టుకోకండి, దాంతో పోట్లాడుతూ ఆడితే భుజం పట్టేస్తుంది. ఒక మ్యాప్ (మ్యాచ్‌లో ఒక ఆట) అయ్యి ఇంకొకటి మొదలయ్యేలోగా మౌస్ వదిలేసి రెండు నిమిషాలు లేచి నడవండి, వేళ్లు మెల్లగా ముడిచి తెరవండి. యూట్యూబ్‌లో చూసి మణికట్టును విరిచినట్టు వంచే స్ట్రెచ్‌లు ఇప్పుడు వద్దు.

అమ్మ ఇచ్చిన మాత్రలు ఆపేయండి. నొప్పి మాత్ర నరం మీద ఒత్తిడిని తీయలేదు. పైగా ఖాళీ కడుపున ఎనర్జీ డ్రింకుతో పాటు అవి పడితే కడుపులో మంట రావచ్చు. క్లినిక్‌లో థైరాయిడ్, షుగర్, బి12 పరీక్షలు చేయమని అడగండి. మీరు శాకాహారైతే బి12 సంగతి మరీ గుర్తుపెట్టుకోండి. వీటిలో ఏ తేడా ఉన్నా తిమ్మిర్లు వస్తాయి. థైరాయిడ్ ఎక్కువైతే గుండె దడ కూడా వస్తుంది.

నిద్ర దగ్గరికి వద్దాం. మీ వారం లెక్క వేశాను. క్లాసులూ చదువూ కలిపి 30 గంటలు, ఉద్యోగం 20, స్క్రిమ్స్ 15, ర్యాంక్‌డ్ ఓ 10. మొత్తం 75. రోజుకు ఏడున్నర గంటల చొప్పున నిద్రకు 52న్నర గంటలు తీసినా, వారంలోని 168 గంటల్లో ఇంకా 40కి పైగా మిగులుతాయి వంటకీ, బస్సుకీ, అమ్మతో ఫోన్‌కీ. అంటే మీకు టైమ్ ఉంది. ఒంటిగంటకు ముగిసే పనినీ, ఆరున్నరకు మొదలయ్యే పనినీ పక్కపక్కన పెట్టుకున్నారు, చిక్కంతా అక్కడుంది. స్క్రిమ్స్ టైమ్ ఐదుగురి మీద, అవతలి టీమ్ మీద ఆధారపడింది, దాన్ని మార్చడం కష్టం. షిఫ్ట్ మార్చుకోవచ్చు. మధ్యాహ్నం షిఫ్ట్ ఉన్నవాళ్లలో పొద్దున పని కావాలనేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. వచ్చే సెమిస్టర్‌కి లైబ్రరీ డెస్క్, ల్యాబ్ లాంటి వాటికి ఇప్పుడే అప్లై చేయండి, మణికట్టుకీ మంచిది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే కాబట్టి గంటలు పెంచుకునే ఆలోచన ఎలాగూ కుదరదు. బయట దొంగచాటు పనుల జోలికి పోకండి. టోర్నమెంట్‌లో డబ్బు బహుమతి వస్తే తీసుకునే ముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో ఒక మాట అడగండి. ఇది నా సబ్జెక్టు కాదు, అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

కోయాల్సింది ఆ ర్యాంక్‌డ్ రెండు గంటలనే. స్క్రిమ్ ప్రాక్టీసు. దానికి ప్లాన్ ఉంటుంది, తర్వాత తప్పులు మాట్లాడుకుంటారు. ఒంటిగంట తర్వాత ఆడేదాంట్లో అలాంటిదేమీ లేదు. ఓడితే కసి, గెలిస్తే ఇంకొకటి. నిద్ర పట్టడం లేదు కాబట్టి ఆడుతున్నానని రాశారు. ఆడుతున్నారు కాబట్టే నిద్ర పట్టడం లేదు. స్క్రిమ్ అవగానే ల్యాప్‌టాప్ మూసి గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయండి, లైటు తగ్గించండి. పెరుగన్నం లాంటిది ఏదైనా కొంచెం తిని పడుకోండి. ఒంట్లో వేడి చల్లారడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట విసుగ్గానే ఉంటుంది, ఓర్చుకోవాలి. లేచే టైమ్ మాత్రం ఆదివారమైనా ఒకటే పెట్టుకోండి.

ఇది ఆటకు కూడా ఎందుకు ముఖ్యమో చెబుతాను. హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికితే 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటిన ఆల్కహాల్‌కి కేసు. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, 50 మిల్లీగ్రాములు ఉన్నవాడి చురుకుదనంతో దాదాపు సమానమని ప్రయోగాల్లో తేలింది. మీరు పొద్దున ఆరింటికి లేస్తే రాత్రి 11కి 17 గంటలు. అంటే స్క్రిమ్ రెండో గంటకు మీరు కేసు పడేంత మత్తులో ఆడుతున్నట్టే. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఓసారి రెండు రాత్రులు నిద్ర లేక, ఒకే పేషంట్ పేరు రెండు కేస్ షీట్ల మీద రాశాను. సిస్టర్ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. రాసేటప్పుడు మాత్రం నేను చాలా హుషారుగా ఉన్నాననే అనుకున్నాను.

ఆ హుషారు కోసమే మీరు తాగుతున్న డబ్బాలు. 473 ఎంఎల్ మాన్‌స్టర్ ఒక్కదాంట్లోనే 160 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, 300 ఉన్నవీ ఉన్నాయి. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజుకు 400 దాకా ఫర్వాలేదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ లెక్క. మూడు డబ్బాలతో మీరు దాటేశారు, కాఫీ టీలు వేరే. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. తొమ్మిదింటికి తాగినదాంట్లో సగం రాత్రి రెండింటికి ఇంకా మీ ఒంట్లోనే ఉంటుంది. ఒక్కసారిగా మానితే తలనొప్పి వస్తుంది. నాలుగైదు రోజులకు ఒక డబ్బా చొప్పున తగ్గించి, చివరికి మధ్యాహ్నం రెండు లోపు ఒక కాఫీతో సరిపెట్టుకోండి. దడకు ఒకసారి ఈసీజీ తీయించుకోండి. దడతో పాటు ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఆయాసం ఉంటే ఆగకండి, 911కి ఫోన్ చేయండి. ఏకాగ్రతకని స్నేహితులు ఆడరాల్ (ఏకాగ్రత లోపం జబ్బుకు డాక్టర్లు రాసే మందు) లాంటి మాత్రలు ఇవ్వబోతే తీసుకోకండి. ప్రిస్క్రిప్షన్ లేకుండా అది నేరం, గుండెకు చేటు. కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ గేమ్ ఆడే ఒక ఆటగాడు ఆ మాత్రలు వాడామని చెప్పాక 2015లోనే, వీడియో గేమ్ పోటీలు నడిపే ఈఎస్ఎల్ సంస్థ టోర్నమెంట్లలో డోపింగ్ పరీక్షలు పెట్టారు.

బిల్లు భయంతో వాయిదా వేయకండి. చాలా యూనివర్సిటీల్లో స్టూడెంట్ హెల్త్ సెంటర్ ఫీజు మీరు కట్టిన డబ్బుల్లోనే ఉంటుంది. ముందు అక్కడికే వెళ్లండి, ఈ తిమ్మిరికి ఎమర్జెన్సీ గదికి వెళ్లక్కర్లేదు. అవసరమైతే నరాల పరీక్షకు వాళ్లే పంపుతారు.

ఇంట్లో ఎలా చెప్పాలో మీరు అడగలేదు కానీ ఆ భయం ప్రతి వాక్యంలోనూ కనిపించింది. 2014లోనే షికాగోలోని రాబర్ట్ మోరిస్ యూనివర్సిటీ లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే వీడియో గేమ్ ఆటగాళ్లకు స్కాలర్‌షిప్ ఇచ్చింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు (వీడియో గేమ్ పోటీలకు) పతకాలు ఇచ్చారు. నాన్నగారితో ఈ రెండు ముక్కలూ చెప్పండి. అదే సమయంలో మీకు మీరు ఒక ప్రశ్న వేసుకోండి. ఆపాలనుకున్న రోజు ఆపగలుగుతున్నారా? ఆపలేకపోవడం, మిగతావన్నీ వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆడుతూనే ఉండటం... ఇవి ఏడాది పాటు సాగితే డబ్ల్యూహెచ్ఓ దాన్ని గేమింగ్ డిజార్డర్ అనే జబ్బుగా లెక్కిస్తుంది. క్లాసుకీ పనికీ వెళ్తున్నారు కాబట్టి మీకు అది ఉందని నేను అనుకోవడం లేదు. ఒక వారం ర్యాంక్‌డ్ మానేసి చూడండి, మీకే తెలుస్తుంది.

టోర్నమెంట్‌కు నాలుగు వారాలు ఉంది కాబట్టి స్ప్లింట్ ఈ రాత్రే మొదలుపెట్టండి. మూడు వారాలు దాటేసరికి రాత్రి మెలకువ తగ్గి ఉంటే ఆడండి. అప్పటికీ పగలు కూడా వేళ్లు మొద్దుబారుతున్నా, చేతిలోంచి కప్పు జారిపోతున్నా, బొటనవేలి కింద కండ పలచబడ్డట్టు కనిపించినా కెప్టెన్‌కి ముందే చెప్పి మీ స్థానంలో ఇంకొకరిని సిద్ధం చేయమనండి, మీరు హ్యాండ్ స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్లండి.