పాప టీచర్ అవుతానంటోంది, రాష్ట్రపతి అవార్డు తెస్తానంటోంది

ప్రశ్న: సార్, మాది గద్వాల దగ్గర పల్లె. మా పాప ఇంటర్ బైపీసీ పాసైంది. నర్సింగ్ చేయమంటే వినదు. టీవీలో రాష్ట్రపతి చేతుల మీదుగా టీచర్లు అవార్డు తీసుకోవడం చూసినప్పటి నుంచి టీచరే అవుతానంటోంది. డీఎడ్ మంచిదా, డిగ్రీ చేసి బీఎడ్ చేయాలా? ప్రైవేటు బడిలో చేరినా ఆ అవార్డు వస్తుందా?

జవాబు: అవార్డు చూసి టీచర్ కావాలనుకోవడం తప్పేం కాదండీ. కానీ అది ఎలా వస్తుందో పాపకు తెలియాలి. 1958 నుంచి ఇస్తున్న పురస్కారం ఇది. సెప్టెంబర్ 5న ఢిల్లీలో వెండి పతకం, ప్రశంసాపత్రం, 50 వేల రూపాయలు ఇస్తారు. ఒకప్పుడు ఏటా మూడు వందల మందికి పైగా ఇచ్చేవారు. 2018లో పద్ధతి మార్చి 45 మందికే ఇచ్చారు. ఇప్పుడు టీచరే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. జిల్లా, రాష్ట్రం, ఢిల్లీ, మూడు చోట్లా వడపోత ఉంటుంది.

గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి టీచరూ పెట్టుకోవచ్చు. కాంట్రాక్టు టీచర్లకు మాత్రం అర్హత లేదు. ట్యూషన్లు చెప్పేవారికీ లేదు. ఈ రెండో షరతు నాకు బాగా నచ్చుతుంది.

ఎంపికలో ఎక్కువ మార్కులు బడిలో చేసిన పనికే. పిల్లలకు కొత్త పద్ధతుల్లో ఎలా చెప్పారు, ఊరిని బడి వైపు ఎలా తిప్పారు అన్నవి చూస్తారు. బడి మానేసే పిల్లల్ని ఆపారా అన్నదీ లెక్కలోకి వస్తుంది. మీ వైపు సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ (పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని) రోజుల్లో తరగతి ఎంత ఖాళీ అవుతుందో మీకు నేను చెప్పాలా? వలస పోయే ఇళ్ల పిల్లల సంగతీ అంతే. చేను గట్టు దాకా వెళ్లి, తల్లిదండ్రులతో మాట్లాడి, పిల్లను బడికి తెచ్చుకునే టీచర్‌కు దరఖాస్తులో రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది. అయితే అలాంటి పని ఒక్క ఏడాదిలో తేలదు.

ఇక చదువు సంగతి. చిన్నపిల్లలకు చెప్పాలని ఉంటే డీఎడ్, అదే మనవాళ్లు ఇంకా టీటీసీ అనేది. ఇంటర్ తర్వాత డీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, చదువు రెండేళ్లు. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ డైట్, అంటే డీఎడ్ కాలేజీ ఉంది. బీఎడ్ చేస్తే ఎస్జీటీ, అంటే ప్రైమరీ టీచర్ పోస్టుకు కూడా రాయొచ్చని కొందరు ఇంకా చెబుతున్నారు, నమ్మకండి. ప్రైమరీ పోస్టులకు బీఎడ్ చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. హైస్కూల్లో బయాలజీ చెప్పాలంటే మాత్రం డిగ్రీ, ఎడ్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష, రెండేళ్ల బీఎడ్, మొత్తం ఐదేళ్లు. ఏ దారైనా ప్రభుత్వ బడిలో ఉద్యోగానికి టెట్ అనే అర్హత పరీక్ష పాసవ్వాలి, తర్వాత పోస్టుల భర్తీకి పెట్టే డీఎస్సీ పరీక్ష రాయాలి. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే, అందులో 6,508 ఎస్జీటీవే. కానీ డీఎస్సీ ఏటా పడదు, మధ్యలో ఖాళీగా గడిచే ఏళ్లకూ ఇంట్లో సిద్ధపడాలి. ఖర్చు, కాలం రెండూ చూసుకుంటే మీకు డీఎడ్ నయం అనిపిస్తోంది. డిగ్రీని ఆ తర్వాత దూరవిద్యలో చేసుకోవచ్చు.

ఫీజు కట్టేముందు ఒక పని చేయమనండి. మీ వాడలో లెక్కలు రాని ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని, నెల రోజులు సాయంత్రాలు, డబ్బు తీసుకోకుండా చెప్పమనండి. నెల తర్వాత కూడా పాపకు విసుగు రాకపోతే, నర్సింగ్ మాట ఇక ఎత్తకండి.