సంగటి తగ్గించండి, పుల్లగూర పెంచండి

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయనకు 56 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నారు. పోయిన వారం మూడు నెలల షుగర్ (హెచ్‌బీఏ1సీ) 8.1 వచ్చింది. బెంగళూరులో ఉంటున్న మా అబ్బాయి అవకాడో, కివీ, బ్రకోలీ, ఓట్స్ తెచ్చుకోమని పెద్ద లిస్టు పంపాడు. ఈయనేమో రాత్రికి రెండు ముద్దల సంగటి పడకపోతే తిన్నట్టే లేదంటారు. రాగులే కదా, షుగర్‌కు మంచివే కదా అని వాదన. మామిడిపండ్లు వచ్చేశాయి, అసలు ముట్టుకోకూడదా? పక్కింటివాళ్లు పొద్దున్నే కాకరకాయ రసం తాగించమంటున్నారు. నాకు 48 ఏళ్లు, రక్తం (హిమోగ్లోబిన్) 9.8 ఉంది. ఇద్దరికీ వేరువేరుగా వండాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం వండమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వేరువేరుగా వండే పని లేదమ్మా. మీ ఇద్దరికీ పనికొచ్చే కూర ఒకటే. వడ్డించేటప్పుడే కాస్త తేడా చూపించాలి.

ముందు మీ అబ్బాయి లిస్టు సంగతి. అందులో ఉన్నవేవీ చెడ్డవి కావు. తండ్రి మీద ప్రేమతో పంపాడు, కోప్పడకండి. కానీ అవి లేకపోతే షుగర్ తగ్గదనేం లేదు. కివీలో ఉండే సి విటమిన్‌కు రెండింతల పైనే మన జామకాయలో ఉంటుంది. కాల్షియం చూసుకుంటే బ్రకోలీ మునగాకు దరిదాపుల్లోకి కూడా రాదు. ఒక్క అవకాడోకు పెట్టే డబ్బుతో రైతుబజారులో నాలుగైదు రోజులకు సరిపడా ఆకుకూరలు వస్తాయి.

నా దగ్గరకు వచ్చే షుగర్ పేషెంట్లను ‘ఏ కూరగాయలు తింటారు’ అని అడిగితే అందరూ మంచి పేర్లే చెబుతారు. బీరకాయ, సొరకాయ, బెండకాయ, తోటకూర. ‘ఎంత తింటారు’ అని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. నలుగురున్న ఇంట్లో పావుకిలో బెండకాయలు వేపుడు చేస్తే, ఉడికి దగ్గరపడ్డాక తలా రెండు చెంచాలు కూడా రాదు. పళ్లెం నిండా అన్నమో సంగటో, ఓ పక్కన నంజుకోవడానికి కూర. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలి. ఆ 400లో ఆకుకూరలు కూడా కలిసే ఉంటాయి. అంటే మీ ఇద్దరికీ కలిపి రోజుకు ముప్పావు కిలోకు పైనే కూరగాయలు తెగాలి. మీ సంచిలో ఇప్పుడు ఎంత వస్తోందో ఒక వారం గమనించండి.

ఇక సంగటి. మీవారి వాదనలో సగం నిజం ఉంది. వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పీచు ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యం కంటే నయమే. కానీ అదే వంద గ్రాముల్లో పిండిపదార్థం 70 గ్రాముల దాకా ఉంటుంది. పైగా మనం చేసే సంగటి ఒట్టి రాగులతో చేసింది కాదు, అందులో నూకలో బియ్యమో కూడా పడతాయి. రెండు పెద్ద ముద్దలు దిగితే షుగర్ పెరగక ఏం చేస్తుంది? సంగటి మానొద్దు. పిండి జల్లెడ పట్టకుండా వాడండి, నూకలు తగ్గించండి, ముద్ద ఆయన పిడికిలి కంటే పెద్దది కాకుండా ఒక్కటే పెట్టండి. రాగిజావ ఇస్తుంటే దాన్ని కూడా తిండి లెక్కలోనే వేయండి. పల్చగా ఉంది కదా అని మంచినీళ్లలా తాగేవాళ్లు చాలామంది, అది త్వరగా అరిగి షుగర్‌ను గబుక్కున పెంచుతుంది.

రెండో ముద్ద తీసేస్తే ఆయన కడుపు నిండాలి కదా. అందుకే పుల్లగూర. మీకు నేను నేర్పాల్సింది కాదు గానీ, కొత్తగా కాపురం పెట్టినవాళ్లు కూడా ఈ పేజీ చదువుతారు కాబట్టి చెబుతున్నా. రెండు పెద్ద కట్టల తోటకూర, దొరికితే ఒక కట్ట చెంచలాకు. కోయకముందే నీళ్లు మార్చి మార్చి కడగాలి, కోశాక కడిగితే సత్తువ నీళ్లపాలు. పిడికెడు కందిపప్పు ముందుగా పలుకు మీద ఉడకనిచ్చి, అందులో ఆకు, రెండు టమోటాలు, ఒక ఎర్రగడ్డ, నాలుగు పచ్చిమిరపకాయలు, ఐదారు తెల్లగడ్డ రెబ్బలు వేసి మూతపెట్టండి. ఆకులోంచి నీళ్లు ఊరతాయి, ఎక్కువ పోయక్కర్లేదు. మెత్తబడ్డాక ఆ కట్టు (ఉడికిన నీళ్లు) పక్కకు వంపుకుని, పప్పుగుత్తితో బాగా ఎనపండి. వంపిన కట్టు మళ్లీ అందులోనే పోయండి, పారబోయొద్దు. ఒక చెంచా నూనెతో ఆవాలు, ఎండుమిర్చి తాలింపు. టమోటా పులుపు సరిపోకపోతేనే చింతపండు.

ఇది ఆయనకు రెండు పెద్ద గరిటెలు ముందు వడ్డించండి. సగం తిన్నాకే సంగటి ముద్ద పళ్లెంలో పెట్టండి. కూర, పప్పు ముందు తిని అన్నం, సంగటి తర్వాత తింటే భోజనం చేశాక షుగర్ పెరిగే వేగం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. పైసా ఖర్చు లేని వైద్యం ఇది.

ఊరుబిండి (శెనక్కాయల పచ్చడి) చేస్తే ఒక పెద్ద చెంచా చాలు. శెనక్కాయల్లో మంచి ప్రొటీన్ ఉంది, నూనె అంతకంటే ఎక్కువే ఉంది. అన్నట్టు, విత్తనాలు వేయించే ముందు బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి ఏరి పారేయండి. బూజులో తయారయ్యే అఫ్లటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినంత మాత్రాన పోదు.

కాలానికి ఏది కాస్తే అది కొనమంటాను. అప్పుడే అది చౌక, అప్పుడే రుచి, దూరం నుంచి వచ్చి వాడిపోయి ఉండదు. మనకేం తక్కువ? కుప్పం, వి.కోట, పలమనేరు వైపు నుంచి కూరగాయలు, మదనపల్లె నుంచి టమోటా. ఈ ఎండలకు సొర, బీర, దోస, బూడిదగుమ్మడి, చింతచిగురు ఉన్నాయి. చింతచిగురు పప్పులో వేస్తే చింతపండుతో పనే ఉండదు. వానలు పడగానే ఆకుకూరలు పుంజుకుంటాయి, నేరేడు వస్తుంది. చలికాలంలో అనపకాయలు (చిక్కుడు జాతివి). సంక్రాంతి ముందు మన ఊళ్లలో ఏ ఇంట్లో చూసినా ఆ గింజలే. రాత్రి నానబెట్టి పొద్దున పొట్టు పితికి చేసే పితికిపప్పులో ప్రొటీన్, పీచు రెండూ ఉంటాయి, ఆ రోజు ఇంకో పప్పు వండక్కర్లేదు. బాగా ఉడకనివ్వడం ఒక్కటే జాగ్రత్త, ఎండు అనపగింజలు పచ్చిగా తినకూడదు. ఇలాంటి కూర ఉన్న రోజు కూడా సంగటి ఒక్క ముద్దే సుమా. రుచిగా ఉందని రెండోది అడుగుతారు.

మామిడిపండు తినొచ్చు. చిత్తూరు జిల్లాలో పుట్టి మామిడిపండు ముట్టుకోవద్దంటే ఎవరు వింటారు? చెప్పిన డాక్టరుకు కనపడకుండా తింటారు, అది ఇంకా ప్రమాదం. వంద గ్రాముల పండులో చక్కెర 15 గ్రాముల దాకా ఉంటుంది. అంటే మూడు నాలుగు ముక్కలు, పదకొండు గంటలప్పుడో సాయంత్రమో, విడిగా. భోజనం మీద వద్దు, పెరుగన్నంలో నంజుకోవడం అసలే వద్దు. ఆ రోజు వేరే పండు మానేయాలి. రసం తీసి తాగితే రెండు మూడు పండ్లు ఒక్క గ్లాసులో పోతాయి, కాబట్టి జ్యూస్ ఇవ్వకండి. బేనీషా అయినా తోతాపురి అయినా లెక్క ఇదే. తిన్న రెండు గంటలకు ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసుకుంటే ఆయన ఒంటికి ఎంత పడుతుందో ఆ అంకే చెబుతుంది. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధం, అయినా కొందరు చేస్తూనే ఉన్నారు. సీజన్ మొదలుకాకముందే పసుప్పచ్చగా మెరిసే పండ్ల జోలికి పోవద్దు.

కాకరకాయ రసం వద్దు. కూరగా వారానికి రెండు సార్లు చేసుకోండి, చేదు పూర్తిగా పిండేయకుండా. పొద్దున్నే పరగడుపున రసం తాగి గ్లిమెపిరైడ్ మాత్ర కూడా వేసుకుంటే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది. నేరేడు గింజల పొడి గురించి కూడా అడుగుతుంటారు. పండు తినండి, గింజల పొడిని నమ్ముకుని మాత్రలు మానకండి.

బీపీ కూడా ఉంది కాబట్టి ఉప్పు గురించి ఒక లెక్క చెబుతాను. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను, దానికి మించకూడదు. ఊరగాయ, అప్పడం, మజ్జిగలో వేసేది అన్నీ కలిపి. మీ ఇద్దరే ఉన్నారు కాబట్టి కిలో ఉప్పు ప్యాకెట్ మూడు నెలలు రావాలి. నూనె నెలకు ఇద్దరికీ ఒకటిన్నర లీటరు దాటొద్దు. ఉప్పు తగ్గించాలనుకుని ‘లో సోడియం’ ఉప్పు మాత్రం తేవొద్దు. అందులో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టాన్ వాడేవాళ్లకు, అందులోనూ కిడ్నీలు కాస్త దెబ్బతిని ఉంటే, రక్తంలో పొటాషియం పెరిగి గుండెకు ముప్పు. సైంధవ లవణం కూడా దాదాపు మామూలు ఉప్పే, పేరు చూసి మోసపోకండి.

అందుకే ఈ తిండి మార్చే ముందు ఆయనకు క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించండి. కిడ్నీలు బాగుంటే నేను చెప్పినట్టు వండుకోండి. తేడా ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. అప్పుడు కూరగాయలు చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాల్సి వస్తుంది. ఆకుకూరలు ఎంత తినాలో కూడా మీ డాక్టరే చెప్పాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గుతుంటుంది. కాళ్లలో తిమ్మిర్లుంటే ఆ పరీక్ష కూడా కలపండి.

మీ సంగతి. 9.8 అంటే తక్కువే. పుల్లగూర, మునగాకు పప్పు, ఉలవలు మీకు మేలు చేస్తాయి. మీ పళ్లెంలో కూర మీద, పొయ్యి మీద నుంచి దించాక, నిమ్మకాయ పిండుకోండి. నిమ్మరసంలో ఉండే సి విటమిన్ ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి పట్టేలా చేస్తుంది. పొయ్యి మీదుండగా పిండితే వేడికి అది చాలావరకు పోతుంది. టీ, కాఫీ భోజనానికి గంట ముందో గంట తర్వాతో. అయితే ఈ వయసులో రక్తం 9.8 ఉంటే తిండి ఒక్కదానితో సరిపెట్టుకోకూడదు. నెలసరిలో ఎక్కువ పోతోందా, మొలలున్నాయా, వేరే కారణమా అనేది డాక్టర్ చూడాలి. ఐరన్ మాత్రలు కూడా కొన్ని నెలలు పడతాయి. ఆయన కోసం పరుగెత్తి మీ పరీక్ష వాయిదా వేసుకోకండి.

చివరగా ఒక జాగ్రత్త. గ్లిమెపిరైడ్ వేసుకుంటూ సంగటి సగానికి తగ్గిస్తే కొందరికి షుగర్ పడిపోతుంది. మార్పు మొదలుపెట్టే ముందే మీ డాక్టరుకు చెప్పండి, మాత్ర డోసు ఆయన మార్చాల్సి రావచ్చు. మీరుగా మాత్ర ఆపొద్దు. ఈలోపు మీవారికి చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. మీటర్ చేతికి అందకపోతే దానికోసం ఆగకుండా చక్కెర నీళ్లే ఇవ్వండి. మాట తడబడుతూ స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.