పాఠకులు అడిగారు: పిచ్చాసుపత్రిలో కుర్ర డాక్టరు

ప్ర: సార్, సోలారిస్ నవల రాసిన పోలెండ్ రచయిత లెమ్ రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి మెంటల్ హాస్పిటల్ మీద ఓ నవల రాశాడంట కదా, అదంతా నిజంగా జరిగిందేనా? నాకిప్పుడు సైకియాట్రీ పోస్టింగ్, ఈ టైమ్‌లో చదవొచ్చా?
– ఓ హౌస్ సర్జన్, బ్రాడీపేట, గుంటూరు

జ: ఇప్పుడే చదవాలి డాక్టరమ్మా, రేపు పీజీ సీటొచ్చాక నీకు టైమెక్కడిది. పేరు హాస్పిటల్ ఆఫ్ ది ట్రాన్స్‌ఫిగరేషన్. లెమ్ కూడా మెడిసిన్ చదివినోడే, ఫైనల్స్ పాసైతే ఆర్మీ డాక్టర్‌గా పట్టుకుపోతారని ఆ పరీక్షలు ఎగ్గొట్టేశాడు. 1948లో రాస్తే పుస్తకంగా వచ్చింది 1955లో, అదీ సెన్సారోళ్ళు ఇంకో రెండు భాగాలు రాయించుకున్నాకే.

నవల్లో ఆసుపత్రి కల్పితం, ఘోరం మాత్రం కల్పితం కాదు. పోలెండ్‌లో క్రాకోవ్ పక్కన కొబియెజిన్ ఆసుపత్రిలో 1942 జూన్‌లో నాజీలు 500 మందికి పైగా పేషెంట్లని రైలెక్కించి తమ డెత్ క్యాంపు ఆష్విట్జ్‌లో చంపేశారు, కొంతమందినైతే అక్కడే. అంతకుముందే 1940, 41ల్లో జర్మనీలో టీ4 అనే స్కీము కింద 70 వేల మంది పేషెంట్లని గ్యాస్ పెట్టి చంపారు, ఎవర్ని చంపాలో తేల్చింది ఎవరనుకున్నావ్, డాక్టర్లే, పేషెంటు మొహం కూడా చూడకుండా ఫారం చూసి ఎర్ర పెన్సిల్‌తో ప్లస్ గుర్తు పెట్టడమే.

అయితే నన్నడిగితే ఈ నవల్లో భయపెట్టేది జర్మన్లు కాదు, వాళ్ళొచ్చేది చివర్లో. అంతకుముందే అక్కడో సర్జన్ ఉంటాడు, బ్రెయిన్ ట్యూమర్ ఎలా ముదురుతుందో చూద్దామని ఆపరేషన్ కావాలనే లేట్ చేస్తాడు! మంచి కేసొచ్చింది రండి రండి అని వార్డులో మీరందరూ మంచం చుట్టూ మూగుతారు చూడు, ఆ సరదా ఇంకాస్త ముదిరితే వచ్చే మనిషి వాడు. కుర్ర డాక్టరు స్తెఫాన్ ఇవన్నీ చూస్తాడు, బాధపడతాడు, గట్టిగా ఏమీ అనడు, సాయంత్రమైతే పేషెంటు వేషంలో అక్కడ దాక్కున్న ఓ కవి దగ్గర కూర్చుని సాహిత్యం మాట్లాడుకుంటాడు. ఆ కబుర్లు కొంచెం సాగుతాయిలే, నేనైతే ఒకట్రెండు చోట్ల పేజీలు దాటేశా. చివరి భాగం మాత్రం నైట్ డ్యూటీలో పెట్టుకోకు.

ప్ర: అదే నవల విజయవాడలో దొరుకుద్దా?
– ఓ పాఠకుడు, గవర్నర్‌పేట

జ: విలియం బ్రాండ్ ఇంగ్లీషు అనువాదం ఉంది, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో అడిగి చూడండి, లేదంటే ఆన్‌లైనే. సినిమా కూడా తీశారు, పుస్తకం అయ్యాకే చూడండి.